కడిగిన సీసా

ల్యాబులో ఆమెను అందరూ తలకిందులక్క అనేవాళ్లు. ఎదురుగా కాదు, వెనకాల. అయినా ఆమెకు తెలుసు. ఒకసారి ప్యాకింగ్ సెక్షన్‌లో కొత్తగా చేరిన మనిషి ఒకడు సరాసరి ఆమె దగ్గరికే వచ్చి, "తలకిందులక్క గది ఎక్కడండీ?" అని అడిగాడు. "ఇదే. చెప్పులు బయట వదిలి, నోరు మూసుకుని లోపలికి రండి" అంది. పాపం, ఆ మనిషి రెండూ చేశాడు.

పేరు ఊరికే రాలేదు. ఇంజెక్షన్లు, సెలైన్ సీసాలు తయారుచేసే ఫ్యాక్టరీ అది. నరంలోకి ఎక్కే మందులో బతికున్న క్రిమి ఉండకూడదని అందరికీ తెలుసు. చచ్చిన క్రిమితోనూ ముప్పేనని అంతమందికి తెలియదు. కొన్ని రకాల బ్యాక్టీరియా చచ్చాక వాటి పైపొర ముక్కలు నీళ్లలో మిగిలిపోతాయి. ఆ ముక్కలే విషం. అవి రక్తంలో కలిస్తే మనిషికి చలిపుట్టుకొస్తుంది, వణుకు, జ్వరం, మోతాదు మించితే ప్రాణానికే ఎసరు. నీళ్లు మరిగిస్తే క్రిమి చస్తుంది గాని ఆ విషం చెక్కుచెదరదు. కంటికి కనపడదు, వాసన రాదు.

దాన్ని పట్టుకోవడమే ఆమె ఉద్యోగం. చిటికెన వేలంత గాజు గొట్టంలో మందు చుక్కలు వేసి, ఒక సముద్రపు జీవి నెత్తురు నుంచి తీసిన ద్రావకాన్ని అంతే కొలతతో కలిపి, మన ఒంటి వేడి ఉన్న నీళ్ల తొట్టిలో గంటసేపు నిలబెడుతుంది. గంట తర్వాత గొట్టాన్ని పైకి తీసి మెల్లగా తలకిందులు చేస్తుంది. విషం ఉంటే లోపలిది గడ్డకట్టి, తలకిందులైనా అడుగునే అతుక్కుని నిలబడుతుంది. లేకపోతే జారిపోతుంది. జారితే ఆ మందు బయటికి వెళ్లొచ్చు, నిలిస్తే బ్యాచ్ మొత్తం పారబోయాల్సిందే. ఆ గంటలో తొట్టికి చిన్న కుదుపు తగిలినా కట్టబోయే గడ్డ విరిగిపోతుంది, మళ్లీ కట్టదు. అప్పుడు చెడ్డ మందు కూడా బుద్ధిమంతురాలిలా జారిపోతుంది. అందుకని ఆ సమయంలో తలుపు దభీమని వేసినవాడు మేనేజరైనా సరే, ఆమె చేత చీవాట్లు తినకుండా బయటపడేవాడు కాదు.

గొట్టాల విషయం ఒక ఎత్తు, సీసాల విషయం ఒక ఎత్తు. నమూనా పట్టే సీసాను ఎంత తోమినా, ఎంత మరిగించినా ఆమె లెక్కలో అది ముట్టరానిదే. కాగితం పెడితే బొగ్గయిపోయే వేడిలో, పొడిగా, ఓవెన్‌లో కాల్చాలి. మూతికి రేకు చుట్టి కాల్చి, ఆ రేకు తీయకుండానే దాచాలి. "కడిగితే మురికి పోతుంది, కాలిస్తేనే విషం పోతుంది" అని కొత్తగా చేరిన ప్రతివాళ్లకూ చెవిలో ఇల్లు కట్టుకుని చెప్పేది.

ఇంట్లో ఆమె భర్త ఈ మాట విని పడీపడీ నవ్వేవాడు. ఆయన బస్సు కండక్టరుగా చేసి రిటైరయ్యాడు. నోరు తెరిస్తే ఎదుటివాళ్లు నవ్వకుండా ఉండలేరు. "అందరి పెళ్లాలూ నిప్పులు కడుగుతారు. మా ఆవిడ కడిగినవి తీసుకెళ్లి నిప్పుల్లో పెడుతుంది" అని వచ్చినవాళ్లందరికీ చెప్పేవాడు. ఆమె చాదస్తమంటే ఆయనకు వేళాకోళమే గాని, లోపల బోలెడంత గర్వం. బస్సులో ఎవరైనా సెలైన్ ఎక్కించుకుని వస్తున్నామంటే, "ఏం భయం లేదు, అది మా ఇంటావిడ చూసి పంపిందే" అని టిక్కెట్టు చింపి చేతిలో పెట్టేవాడట. పిల్లలు లేరు. ఇంట్లో ఆయన చెల్లెలు ఉండేది, మొగుడు పోయాక అన్న దగ్గరికే వచ్చేసింది. ముగ్గురూ కలిసి తిట్టుకుంటూ, నవ్వుకుంటూ బాగానే గడిపారు.

ఆయన కిడ్నీలు రెండూ పాడైపోయాయని తెలిసిన రోజున కూడా ఆయనే నవ్వించాడు. వారానికి మూడు పొద్దులు ఆసుపత్రికి వెళ్లి, మెషీన్ పక్కన కుర్చీలో పడుకుంటే, ఒంట్లో రక్తమంతా బయటికి వెళ్లి శుభ్రపడి మళ్లీ లోపలికి వస్తుంది. ఆయన దానికి ట్రిప్పు అని పేరు పెట్టాడు. "ఇంతకాలం నేను జనాన్ని తిప్పాను, ఇప్పుడు నా నెత్తురు తిరుగుతోంది" అనేవాడు. అక్కడి టెక్నీషియన్ సూది గుచ్చి మెషీన్ మీట నొక్కబోతే, "రైట్ రైట్" అని కేక వేసేవాడు. పక్క కుర్చీలో ఒక టీచరమ్మ ఉండేది. ఆవిడ ఎవరితోనూ మాట్లాడేది కాదు, ఆ కేకకు మాత్రం నవ్వేది.

ఏళ్లు గడిచేసరికి చేతుల్లో నరాలు ఒకటొకటే మూసుకుపోయాయి. చివరికి మెడ దగ్గర ఒక గొట్టం అమర్చారు. ఆ తర్వాత వణుకు మొదలైంది. ఇంటి దగ్గర బాగానే ఉండే మనిషి, మెషీన్ తిరగడం మొదలైన కాసేపటికే చలి చలి అనేవాడు. రెండు దుప్పట్లు కప్పినా పళ్లు టకటక కొట్టుకునేవి.

ఒకరోజు సెలవు పెట్టి ఆమె కూడా వెళ్లింది. ఆయన చేతిని తన చేతిలో పెట్టుకుని కూర్చుంది. మొదట వేళ్లు చల్లబడ్డాయి. తర్వాత భుజాల దగ్గర సన్నగా, చర్మం కిందే ఏదో పాకినట్టు వణుకు. ఆ క్షణంలో ఆమె మనసు ఆసుపత్రిలో లేదు. ఉద్యోగంలో చేరిన కొత్తల్లోకి వెళ్లిపోయింది.

అప్పట్లో ఈ గాజు గొట్టాలు లేవు. మందును కుందేలు చెవి నరంలోకి ఎక్కించి, ఒళ్లు కాలుతుందేమో చూసేవాళ్లు. ఆ కుందేళ్లను పట్టుకుని కూర్చోవడమే ఆమె పని. మంచి మందైతే అది హాయిగా కళ్లు మూసుకునేది. చెడ్డదైతే ముందు చెవులు చల్లబడేవి, తర్వాత వెన్ను మీద సన్నటి వణుకు. థర్మామీటరు చెప్పకముందే ఆమె అరచేతికి తెలిసిపోయేది. ఆ కుందేళ్లను తల్చుకుంటే ఆమెకు ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది. ఇప్పుడు అదే వణుకు, అదే వరసలో, తన మొగుడి ఒంట్లో.

"నీళ్లలో ఉంది డాక్టరమ్మా" అంది బయటికి వచ్చి. మెషీన్‌లో రక్తాన్ని కడగడానికి పైపుల్లోంచి శుద్ధి చేసిన నీళ్లు వస్తాయి. వాటిలో ఆ విషం ఉందని ఆమె అనుమానం.

డాక్టరమ్మ నెమ్మదస్తురాలు. మాట తీసిపారేయలేదు. "నీళ్లలో ఉంటే అందరికీ రావాలి కదమ్మా. నా భయం వేరు. మెడ గొట్టంలోంచి ఇన్‌ఫెక్షన్ గుండెదాకా వెళ్లిందేమోనని. రక్తపరీక్షలో ఏమీ తేలలేదు, ముందే మందులు వాడుతున్నాం గనక తేలకపోవచ్చు. గుండెకు స్కాన్ రాశాను."

"గుండెకు వెళ్తే?"

"గొట్టం తీసేయాలి. తీస్తే మళ్లీ పెట్టడానికి ఆయన ఒంట్లో చోటు మిగల్లేదు."

ఆ మాట ఆమె చెవిన పడింది గాని మనసు లోపలికి రానివ్వలేదు. నీళ్లదే తప్పయితే పైపులు కడిగితే సరిపోతుంది. మనిషి దక్కుతాడు. పైగా అదే వారం టీచరమ్మకు కూడా ఒకసారి చలి వచ్చిందని టెక్నీషియన్ చెప్పాడు. ఇక చూడండి, మునిగిపోతున్న మనిషికి కొమ్మ దొరికినట్టయింది.

సెక్షన్ ఇన్‌ఛార్జిని అడిగి, బయటి నమూనా ఒకటి చూసుకోవడానికి ఒప్పించింది. టెక్నీషియన్‌కు ఫోన్ చేసి, పంపును కాసేపు వదిలేయడం దగ్గర్నుంచి సీసా మూతిని వేలు తాకకుండా పట్టుకోవడం దాకా పూసగుచ్చినట్టు చెప్పింది. నీళ్లు పట్టాల్సిన పొద్దు ఆమెకు డ్యూటీ, సెలవు దొరకలేదు. కాల్చిన సీసా ఒకటి రేకు మూతితో ఇంటికి తెచ్చి, ముందురోజు సాయంత్రమే మొగుడి చేతికిచ్చింది. "ఇది జాగ్రత్త. వెళ్లగానే అతనికివ్వండి" అంది. అంతకుమించి చెప్పలేదు. ఇన్నేళ్లుగా వింటున్న మనిషికి మళ్లీ చెప్పేదేముంది అనుకుంది.

మర్నాడు సాయంత్రం షిఫ్టు అయ్యాక ఆ నీళ్లు రెండు గొట్టాల్లో పరీక్షకు పెట్టింది. పక్కన ఎప్పట్లాగే రెండు సాక్షి గొట్టాలు. ఒకదానిలో తెలిసి కలిపిన విషం, అది నిలవాలి. ఒకదానిలో స్వచ్ఛమైన నీళ్లు, అవి జారాలి. తలుపు వేసి, స్టూలు మీద చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. ఇన్నేళ్ల ఉద్యోగంలో ప్రతి గొట్టం విషయంలోనూ ఆమె జారాలనే కోరుకుంది. ఆ సాయంత్రం మొదటిసారి నిలబడమని వేడుకుంది. విషం ఉండాలని ఒక మనిషి దండం పెట్టుకోవడం ఎక్కడైనా ఉందా? ఆమె పెట్టుకుంది.

గంట అయింది. గొట్టం తీసి తలకిందులు చేసింది. నిలబడింది. రెండో గొట్టం, అదీ నిలబడింది. సాక్షులు రెండూ చెప్పాల్సింది చెప్పాయి. ఆమె ఆ గొట్టాన్ని అలాగే పట్టుకుని, ఒక్కర్తే ఉన్న గదిలో పైకే నవ్వింది.

డాక్టరమ్మకు వెంటనే ఫోన్ చేసింది. ఆవిడ తేలిగ్గా తీసుకోలేదు. మర్నాటి నుంచి మెషీన్లు ఆపించింది. పైపులు కడిగే మనిషి మధ్యాహ్నానికి వస్తానన్నాడు. పేషెంట్లను వేరే ఆసుపత్రికి సర్దారు, టీచరమ్మ అంత దూరం ఎలా వెళ్లాలని గొణుక్కుంటూనే ఒప్పుకుంది. ఇదంతా తన ఒక్క పరీక్ష వల్లేనని తెలిసి ఆమెకు భయమూ వేసింది, సంతోషమూ వేసింది.

ఇంటికొచ్చి చెప్తే ఆడపడుచు కళ్లనీళ్లు పెట్టుకుంది. "నా తల్లే, మా అన్నయ్యని కాపాడుకున్నావు వదినా!" అని ఆమెను వాటేసుకుంది. ఆయన కూడా చాలా రోజుల తర్వాత ఇంకొంచెం వడ్డించమన్నాడు.

"క్రెడిటంతా మీ వదినకే ఇచ్చేస్తున్నావేంటే? ఇందులో నా వాటా కూడా ఉంది" అన్నాడు చెల్లెలితో.

"నువ్వేం చేశావు, కుర్చీలో పడుకోవడం తప్ప?"

"సీసా ఎవరు కడిగారనుకున్నావు? ఈవిడ హడావిడిలో ఇచ్చింది, మూతి దగ్గర మసిలా ఏదో అంటుకుని ఉంది. ఈవిడ సంగతి తెలుసుగా, రేపు అక్కడ వాళ్ల ముందు పరువు పోతుందని నేనే కూర్చుని సబ్బుతో తోమి, నీళ్లు కాచి మరీ కడిగి, మళ్లీ ఆ రేకు అలాగే చుట్టి పెట్టాను. రాత్రంతా భద్రంగా సంచిలోనే ఉంది." ఆయన భార్య వైపు చూసి కళ్లెగరేశాడు. "ఎలా ఉంది? నీ దగ్గర ఉద్యోగానికి పనికొస్తానా?"

ఆమె చేతిలో గరిటె ఉంది. దాన్ని జాగ్రత్తగా గిన్నెలో పెట్టింది. "పనికొస్తారు" అంది. నీళ్లు తెస్తానని వంటింట్లోకి వెళ్లి, గట్టు పట్టుకుని నిలబడింది. రాత్రంతా తడిగా మూత బిగించి ఉన్న సీసా. అందులో క్రిములు పుట్టడానికి అంతకంటే మంచి చోటు లేదు. అసలు పైపు నీళ్లలో ఏముందో ఆ సీసా చెప్పనే లేదు, తనలో ఉన్నదాన్నే చెప్పింది. ఆయన మీద కోపం తెచ్చుకుందామని చూసింది. రాలేదు. పరువు పోకూడదని వేడినీళ్లు కాచుకుని, వణికే చేతులతో సీసా తోమిన మనిషి మీద కోపం ఎక్కడి నుంచి వస్తుంది?

మర్నాడు తెల్లవారగానే, పైపులు కడిగే మనిషి రాకముందే, ల్యాబు నుంచి కాల్చిన సీసాలు మూడు పట్టుకుని తనే ఆసుపత్రికి వెళ్లింది. టెక్నీషియన్ ఆశ్చర్యపోయాడు. "మళ్లీ ఎందుకండీ? తేలిపోయింది కదా?" అన్నాడు. తన చేత్తోనే నీళ్లు పట్టుకుని నేరుగా ల్యాబుకు వెళ్లింది. ఆయన కడిగిన సీసాలో కూడా స్వచ్ఛమైన నీళ్లు పోసి, ఆ నీళ్లనూ పక్కనే పెట్టింది. ఆ గంటలో ఎవరో కారిడార్‌లో బండి తోసుకుంటూ వెళ్లారు. ఒక్కసారి కుదుపు వస్తే బాగుండు, ఈ పరీక్ష చెల్లదని చెప్పుకోవచ్చు అనిపించింది. అలా అనిపించినందుకు తన మీద తనకే రోత పుట్టింది. బండి మెత్తగా వెళ్లిపోయింది. తొట్టిలో నీళ్లు కూడా కదల్లేదు.

ఆయన కడిగిన సీసాలోది గట్టిగా నిలబడింది. ఆసుపత్రి నీళ్లు మూడూ జారిపోయాయి. మళ్లీ పెట్టింది, మళ్లీ జారాయి. గోడవతల ఎవరికైనా వినపడుతుందేమోనని కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది.

దాచొచ్చు. పైపులు ఎలాగూ కడుగుతారు, ఎవరికీ నష్టం లేదు. కానీ డాక్టరమ్మ నీళ్ల మీద నమ్మకంతో అసలు రోగాన్ని వదిలేస్తే? ముఖం కడుక్కుని ఆసుపత్రికి వెళ్లింది. "నిన్న నేను చెప్పింది తప్పు డాక్టరమ్మా. సీసా పాడయింది. నీళ్లు శుభ్రంగానే ఉన్నాయి" అంది. ఎవరు పాడుచేశారో చెప్పలేదు. చీవాట్లు పడతాయనుకుని తలవంచుకుని నిలబడింది.

డాక్టరమ్మ కుర్చీ చూపించింది. "టీచరమ్మను కూడా అడిగానమ్మా. ఆ రోజు ఏసీ గాలి నేరుగా మీదికి కొట్టిందట, అంతే" అంది. తర్వాత స్కాన్ కాగితం బల్ల మీద పెట్టి, చూపుడువేలితో ఒక చిన్న మచ్చ చూపించింది. ఇన్‌ఫెక్షన్ గుండె కవాటం మీద చేరింది. వణుకు అక్కడి నుంచే వస్తోంది. మెషీన్ తిరిగినప్పుడల్లా మెడ గొట్టంలోంచి ఆ క్రిములు మళ్లీ రక్తంలో కలుస్తున్నాయి. ఆమె అరచేయి అబద్ధం చెప్పలేదు, వణుకు ఆ వణుకే. అది వచ్చిన దారే వేరు.

ఇంటికి వెళ్లేసరికి ఆయన కిటికీ పక్కన కూర్చుని ఉన్నాడు. ఆడపడుచు కూరగాయలకని బయటికి వెళ్లింది. ఆమె వచ్చి ఆయన ఎదురుగా కింద కూర్చుంది.

"ఏమోయ్, అలా ఉన్నావు? పైపులు కడిగారా?"

"నీళ్లు బాగానే ఉన్నాయండీ. నా వల్లే పొరపాటు జరిగింది. సీసా కాల్చకుండా తెచ్చేశాను. మర్చిపోయాను."

ఆయన ఏదో జోకు వేయడానికే నోరు తెరిచాడు. వేయలేదు. ఆమె ముఖంలోకి చాలాసేపు చూశాడు.

"నువ్వు మర్చిపోయావా?" అన్నాడు.

"వయసు మీద పడుతోంది కదా."

"కాఫీ గ్లాసు కూడా కాల్చి తాగాలనేదానివి. నువ్వు మర్చిపోయావా?"

ఆయన తన రెండు చేతులూ ఒళ్లోకి తీసుకుని, తిప్పి, ఎవరివో చేతులన్నట్టు చూసుకున్నాడు. టిక్కెట్లు చింపీ చింపీ బొటనవేలి దగ్గర కాయ కాసిన చేతులు. కాసేపటికి మెల్లగా అన్నాడు.

"ఇంకెప్పుడూ నీ సామాను ముట్టుకోనులే."

అప్పటిదాకా బిగబట్టుకున్నది ఇక ఆగలేదు. ఆయన మోకాళ్ల మీద తల పెట్టి భోరున ఏడ్చింది. "ముట్టుకోండి. అన్నీ ముట్టుకోండి. మీరు ముట్టుకోకపోతే నాకెందుకవి?" అంది. ఆయన ఆమె తల నిమురుతూ ఉండిపోయాడు. గుండెకు వెళ్లిందా అని అడగలేదు. అడక్కుండానే తెలిసిపోయింది.

ఆ తర్వాత ఆయన ఉన్నన్నాళ్లూ ఆమె ఏ నమూనా పట్టలేదు. ఉన్న సెలవులన్నీ పెట్టేసి ఆయన పక్కనే కూర్చుంది. మందు పనిచేస్తుందేమోనని డాక్టరమ్మ చివరిదాకా చూసింది. పనిచేయలేదు. మెడలోని గొట్టం తీసేసిన రోజు ఆయన టెక్నీషియన్‌ను పిలిచి, తన దుప్పటి టీచరమ్మకు ఇమ్మన్నాడు, ఏసీ గాలి తగులుతుందని. తర్వాత ఇంటికి తీసుకెళ్లమన్నాడు. ఇంట్లో, చెల్లెలు ఒక పక్క, భార్య ఒక పక్క ఉండగా, ఒక సాయంత్రం పోయాడు. ఆమె అరచేతిలో ఆయన చేయి ఉంది. ఈసారి వేళ్లు చల్లబడ్డాయి గాని వణుకు రాలేదు.

ఆమె మళ్లీ డ్యూటీలో చేరినప్పుడు ఎవరూ ఏమీ అడగలేదు. తొట్టి ముందు కూర్చుంది. మొదటి గొట్టం తలకిందులు చేసింది, జారిపోయింది. మంచి మందే. ఎవరి ఒంట్లోకో భయం లేకుండా వెళ్తుంది. ఒకప్పుడు ఆ జారడం చూస్తే ఆమెకు కడుపు నిండినట్టుండేది. ఇప్పుడు ప్రతిసారీ ఆ మూడు గొట్టాలే గుర్తొస్తున్నాయి. అయినా సరే చేయి వణక్కుండా తర్వాతిది తీసింది.

షిఫ్టు అయ్యాక అలమర సర్దుతుంటే వెనక మూల ఆ సీసా కనపడింది, ఆయన కడిగినది. పాడైన సామానుకు ఆ గదిలో చోటు లేదు, అది ఆమె పెట్టిన నియమమే. ఓవెన్ ఇంకా వేడిగానే ఉంది. సీసా మూతికి కొత్త రేకు చుట్టింది, ట్రేలో పెట్టింది, ఓవెన్ తలుపు తీసింది. వేడి ముఖానికి కొట్టింది. ఆ వేడిలోకి వెళ్లిన దేని మీదా ఎవరి చేతి ఆనవాలూ మిగలదని, అందరికీ చెవిలో ఇల్లు కట్టుకుని చెప్పింది ఆమే.

తలుపు మూసేసి, సీసాను చీర కొంగులో చుట్టుకుని ఇంటికి తెచ్చుకుంది. అది ఇప్పుడు కిటికీ గూట్లో ఉంది. దాన్ని ఆమె కడగదు, ఆడపడుచును కడగనివ్వదు.